కోల్ట్ నేవీ కొనే ముందు వెడ్జ్ తీయించి చూడండి

మీరు అడిగినవి మూడు. డాలస్ దగ్గర ఒక ఎస్టేట్ సేల్‌లో (ఇంటి సామానంతా అమ్మకానికి పెట్టే చోట) ‘కోల్ట్ 1851 నేవీ’ అని చీటీ కట్టిన రివాల్వర్‌కు 3,200 డాలర్లు చెబుతున్నారు, కొనొచ్చా? ఇలాంటివి పోగుచేయాలంటే ఎక్కడ వెతకాలి, దేనితో మొదలుపెట్టాలి? అనంతపురం జిల్లాలో మీ ఇంట్లో తాతగారి వెబ్లీ అనే బ్రిటిష్ రివాల్వర్ ఉంది, అది కూడా పురాతన వస్తువు కిందికి వస్తుందా?

నేను టెక్సాస్‌లో ఇరవై ఆరేళ్లుగా ఉంటున్నాను. అందులో ఇరవై రెండేళ్లు పాత రివాల్వర్ల వెంటే తిరిగాను. ముందు మూడో ప్రశ్నకు జవాబు చెప్తాను. మిగతా రెండింట్లో పొరపాటు చేస్తే డబ్బే పోతుంది, ఇందులో చేస్తే కేసవుతుంది.

అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం 1898లోగానీ అంతకుముందుగానీ తయారైన తుపాకీ ‘ఆంటిక్’. ఇది 1968 నాటి గన్ కంట్రోల్ యాక్ట్ పెట్టిన గీత. 1899 జనవరి 1న తయారైనా ఆ గీతకు ఇవతలే. ఇక్కడ చూసేది ఆ మోడల్ ఎప్పుడు మొదలైందని కాదు, మీ చేతిలో ఉన్న ఆ ఒక్క తుపాకీ ఏ సంవత్సరానిదని. కోల్ట్ సింగిల్ యాక్షన్ ఆర్మీ అనే రివాల్వర్ 1873లో వచ్చింది, కానీ 1905లో చేసినది ఆంటిక్ కాదు. పైగా రాష్ట్రాల చట్టాలు వేరు, కొన్ని నగరాలవి ఇంకా వేరు. వీసా మీద ఉన్నవాళ్లకు తుపాకుల విషయంలో ప్రత్యేకమైన ఆంక్షలున్నాయి. మీది ఇంకా హెచ్1బీ అని రాశారు కాబట్టి, డబ్బు కట్టే ముందు ఒక లాయర్‌తో అరగంట మాట్లాడండి. ఈ ఒక్క ఖర్చు తగ్గించుకోవద్దు.

ఇండియాలో లెక్క పూర్తిగా వేరు. 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్ పాత ఆయుధాలకు మినహాయింపు ఇస్తుంది గానీ, రిపేరు చేసినా చేయకపోయినా తుపాకీగా పనికిరాని వాటికే. మీ తాతగారి వెబ్లీ ట్రిగ్గర్ లాగితే సిలిండర్ (తూటాలుండే గుండ్రటి భాగం) తిరుగుతోందని మీరే రాశారు. అంటే దానికి లైసెన్స్ కావాల్సిందే, ఎంత పాతదైనా సరే. తాతగారి పేరు మీదున్న లైసెన్స్ ఆయనతోనే పోయింది. ఇప్పుడది బీరువాలో ఉండకూడదు. పోలీస్ స్టేషన్‌లోనో, లైసెన్స్ ఉన్న ఆయుధాల డీలర్ దగ్గరో డిపాజిట్ చేసి రసీదు తీసుకోమని మీ నాన్నగారికి ఇవాళే ఫోన్ చేసి చెప్పండి. వారసుడిగా లైసెన్స్‌కు దరఖాస్తు ఆ తర్వాత పెట్టుకోవచ్చు. 2019 సవరణ తర్వాత ఒక మనిషికి రెండు తుపాకులే పరిమితి, అదీ గుర్తుంచుకోండి.

రెండూ ఒకచోట పెట్టుకోవాలన్న కోరిక మాత్రం వదిలేయండి. వందేళ్లు దాటిన వస్తువును దేశం బయటికి తీసుకెళ్లడానికి 1972 పురావస్తువుల చట్టం అడ్డు. ఇక్కడ కొన్నదాన్ని లగేజీలో పెట్టుకుని హైదరాబాద్‌లో దిగితే, అమెరికాలో అది ఆంటిక్ అన్న మాట శంషాబాద్ కస్టమ్స్ దగ్గర పనిచేయదు. తాతగారి జ్ఞాపకం అక్కడే, చట్టం ప్రకారం, ఆయన మనవడి పేరు మీదో కొడుకు పేరు మీదో ఉండనివ్వండి.

ఇప్పుడు మీ కోల్ట్ సంగతి.

మీరు పంపిన ఐదు ఫోటోలూ రెండు రాత్రులు చూశాను. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇత్తడి కమ్మీ, అంటే ట్రిగ్గర్ గార్డ్ మీద వరుస నంబరు 1,40,000 దాటింది. బ్యారెల్ (గొట్టం) పైన అక్షరాలు పెద్దవి చేసి చూస్తే ‘అడ్రస్ శామ్ల్ కోల్ట్ హార్ట్‌ఫర్డ్’ అని ఉంది. ఇక్కడే నాకు అనుమానం వచ్చింది. 1851 నేవీ బ్యారెళ్ల మీద కోల్ట్ కంపెనీ చిరునామా కాలాన్ని బట్టి మారుతూ వచ్చింది. మొదటి నుంచి సుమారు 74,000 నంబరు దాకా న్యూయార్క్ సిటీ అని ఉంటుంది. అక్కడి నుంచి సుమారు 1,01,000 దాకా హార్ట్‌ఫర్డ్. ఆ తర్వాత చివరిదాకా ‘కల్నల్ శామ్ల్ కోల్ట్, న్యూయార్క్, యు.ఎస్. అమెరికా’. లండన్ ఫ్యాక్టరీలో చేసిన వాటి మీద లండన్ పేరు, వాటి నంబర్ల వరుస కూడా వేరు. కాబట్టి 1,40,000 దాటిన తుపాకీ మీద హార్ట్‌ఫర్డ్ చిరునామా ఉండకూడదు. ఆ బ్యారెల్ దాని సొంతం కాకపోవచ్చు.

ఇంకొకటి. ఫ్రేమ్ (మిగతా భాగాలను పట్టి ఉంచే ఇనుప చట్రం) అంతా బూడిదరంగుకు తిరిగి, ఇత్తడి గార్డ్ మీద వెండి పూత మూలల్లో మాత్రమే మిగిలింది. అంటే బాగా వాడిన తుపాకీ. కానీ సిలిండర్ మీద ఓడల బొమ్మ నిన్న చెక్కినంత స్పష్టంగా ఉంది. నేవీలో అన్నిటికన్నా ముందు అరిగేది ఆ బొమ్మే. తోలు హోల్‌స్టర్‌లోకి పెట్టినప్పుడల్లా, తీసినప్పుడల్లా రాసుకునేది ఆ గుండ్రటి భాగమే కదా. మిగతాదంతా అరిగి బొమ్మ ఒక్కటీ నిలిచిందంటే, సిలిండర్ వేరే తుపాకీదో, ఇటలీలో చేసిన కొత్త నకలుదో అయ్యుండాలి.

ఆ బొమ్మ గురించి ఒక్క మాట చెప్పాలి, నన్ను ఇందులోకి లాగింది అదే. 1843 మే 16న మెక్సికో తీరంలోని కాంపెచే దగ్గర, అప్పట్లో వేరే దేశంగా ఉన్న టెక్సాస్ రిపబ్లిక్ నౌకాదళం మెక్సికో ఓడలతో పోరాడింది. కంపెనీ పెట్టిన శామ్యూల్ కోల్ట్, తను అంతకుముందు చేసిన పేటర్సన్ రివాల్వర్లను 1839లో టెక్సాస్ నౌకాదళం కొన్న మేలును మరచిపోలేదు. వాటర్‌మన్ ఆర్మ్స్‌బీ అనే చెక్కుడు పనివాడి చేత ఆ యుద్ధాన్ని ఉక్కు అచ్చు మీద చెక్కించి, ప్రతి సిలిండర్‌నీ దాని మీద దొర్లించేవాళ్లు. ఆర్మ్స్‌బీ బ్యాంకు నోట్లకు అచ్చులు చెక్కిన మనిషి. బాగా నిలిచిన సిలిండర్‌ను పది రెట్లు పెంచి చూపే లూప్ (చిన్న భూతద్దం)లో చూడండి. తెరచాపల మధ్య తాళ్లు, ఫిరంగుల పొగ, అలల మీద చిన్న చిన్న గీతలు కనిపిస్తాయి. బొమ్మ అంచున ‘ఎంగేజ్డ్ 16 మే 1843’ అని ఉంటుంది. చేతిలో పట్టే ఇనుప ముక్క మీద ఇంత సముద్రం. .36 కాలిబర్ (గొట్టం లోపలి కొలత) రివాల్వర్‌కు నేవీ అన్న పేరు నిలిచింది ఈ బొమ్మ వల్లే గానీ, దాన్ని నావికులే వాడారని కాదు.

సరే, శనివారం మళ్లీ వెళ్తానన్నారు. వెళ్లి, అమ్మేవాళ్ల అనుమతి అడిగి, వాళ్ల చేతే బ్యారెల్‌కు అడ్డంగా ఉండి దాన్ని బిగించి పట్టే చీలను, అంటే వెడ్జ్‌ని, చెక్క సుత్తితో మెల్లగా బయటికి కొట్టించండి. అది వస్తే బ్యారెల్, సిలిండర్ వరుసగా ఊడొస్తాయి. రెండు నిమిషాల పని. ఒప్పుకోకపోతే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఒప్పుకుంటే నంబర్లు చదవండి. తుపాకీని తిరగేస్తే బ్యారెల్ అడుగున, ఫ్రేమ్ అడుగున, ట్రిగ్గర్ గార్డ్ మీద ఒకే నంబరు పక్కపక్కనే ఉంటుంది, పిడి అడుగున ఇత్తడి మీద నాలుగోసారి. సిలిండర్ మీదా అదే నంబరు. వెడ్జ్ మీద, సిలిండర్ తిరిగే ఇరుసు మీద కూడా పూర్తిగానో, చివరి అంకెలో ఉంటాయి. వెడ్జ్ ఒక్కటే కలవకపోతే నేను పట్టించుకోను, అవి ఆ రోజుల్లోనే పోయేవి. బ్యారెల్, సిలిండర్ కలవకపోతే అది రెండు మూడు తుపాకుల ముక్కలు కలిపినది. దానికి సగం ధర కూడా ఎక్కువే.

ముట్టుకునే ముందు మాత్రం ఒక జాగ్రత్త. నేవీ కాలపు రివాల్వర్లలో తుపాకీమందు, గుండు సిలిండర్ ముందు నుంచే కూరేవాళ్లు. నూట అరవై ఏళ్లుగా అలాగే కూరి ఉన్నవి ఇప్పటికీ బయటపడుతుంటాయి, ఆ నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) అన్నేళ్లయినా పేలగలదు. సన్నటి చెక్క పుల్లను ముందు వైపు నుంచి ప్రతి గదిలోకీ పెట్టి లోతు చూడండి. అన్నీ ఒకే లోతుంటే, అడుగు కనిపిస్తే సరే. అనుమానం ఉంటే అక్కడే ఆపి, బ్లాక్ పౌడర్ తుపాకులు తెలిసిన గన్‌స్మిత్‌కు (తుపాకులు బాగుచేసే మనిషికి) వదిలేయండి. అలాగే, అసలైన పాతదాన్ని కాల్చి చూడాలన్న సరదా వద్దు. ఆనాటి ఇనుము ఈనాటి మందును తట్టుకోదు. కాల్చాలనిపిస్తే ఉబెర్టీ, పియెట్టా లాంటి ఇటలీ కంపెనీల నకళ్లు ఉన్నాయి, అవి ఆ పనికే చేసినవి.

ఆ నకళ్లనే పాతబరచి అసలు ధరకు అమ్మేవాళ్లున్నారు. ఇటలీలో ప్రతి తుపాకీకీ గార్డోనే ఊళ్లో తుపాకులను పరీక్షించే ప్రూఫ్ హౌస్ ముద్ర పడాలి, దాని పక్కనే తయారైన సంవత్సరానికి గుర్తు, మొదట్లో రోమన్ అంకెలు, 1975 నుంచి రెండేసి అక్షరాలు. మోసం చేసేవాడు ముందు వాటినే రాకుతాడు. కాబట్టి ముద్ర కోసం కాదు, ముద్ర ఉండాల్సిన చోట పల్లం కోసం చూడండి. ఫ్రేమ్‌నీ బ్యారెల్‌నీ వేలితో తడమండి, ఎక్కడైనా చిన్న గుంటలా తగిలితే అక్కడ ఏదో గీకేశారు.

ఇది నేను డబ్బు పోగొట్టుకుని నేర్చుకున్నాను. 2004లో ఒక గన్ షోలో సింగిల్ యాక్షన్ ఆర్మీ ఒకటి కొన్నాను. ఏడున్నర అంగుళాల బ్యారెల్, ఫ్రేమ్ మీద ‘యు.ఎస్.’ ముద్ర, అంటే సైన్యానిది. 6,500 డాలర్లు, అప్పట్లో నాకు రెండు నెలల పొదుపు. ఆరు నెలల తర్వాత ఒక పెద్దాయన ఇంటికి వచ్చి, టేబుల్ ల్యాంప్ కిందకు వంచి, లూప్ పెట్టి చూశాడు. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లూప్ నా చేతికిచ్చి, ‘ఈ అక్షరాల లోపల చూడు’ అన్నాడు. ఫ్రేమ్ అంతా నూరేళ్ల మసక, ఆ రెండు అక్షరాల లోపల మాత్రం కొత్త ఇనుము మెరుపు. పైగా నంబరు 1880ల మొదట్లోది, ఆ సంవత్సరాల్లో సైన్యం తరఫున తనిఖీ చేసిన డేవిడ్ క్లార్క్ పేరులోని ‘డి.ఎఫ్.సి.’ ఉండాల్సిన చోట, 1870ల మధ్యలో పనిచేసిన ఐన్స్‌వర్త్ గుర్తు ‘ఓ.డబ్ల్యూ.ఎ.’ కొట్టారు. మామూలు పౌరులకు అమ్మిన తుపాకీని ఎవరో సైన్యంలో చేర్చారు. అమ్మినాయన వెనక్కి తీసుకోలేదు. నాకు బాధ కలిగించింది డబ్బొక్కటే కాదు. ఆ ముద్ర కొట్టకముందు అది నిజాయితీగా మిగిలిన మంచి తుపాకీ. దాని అసలు కథను చెరిపి అబద్ధం రాసేశారు. ఇక దాన్ని ఎవరూ బాగుచేయలేరు.

అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఇదే: అరిగిందా మెరుస్తోందా అని చూడకండి, ఎవరైనా చెయ్యిపెట్టారా అని చూడండి. పాలిష్ చేసిన తుపాకీని కనిపెట్టడం కష్టం కాదు. కోల్ట్ నేవీ బ్యారెల్ ఎనిమిది పలకలు. ఆ పలకల అంచులు చేతికి పదునుగా తగలాలి. గుండ్రంగా జారిపోతే బఫింగ్ చక్రం తగిలినట్టే. స్క్రూ రంధ్రాల అంచులు సాసర్‌లా పల్లమైపోయినా అదే కథ. నీలిపూత కింద తుప్పు గుంటలు కనిపిస్తే, తుప్పు పట్టాక పూత పూశారన్నమాట. పిడి చెక్క చుట్టూ ఉన్న ఇత్తడి కన్నా ఎత్తుగా పొడుచుకొస్తే, లోహాన్ని నూరి తగ్గించారు. ఇవేవీ లేకుండా గోధుమరంగు మసకతో, అక్కడక్కడా గీతలతో ఉన్నదే నాకు ముద్దు.

ఇంటికి తెచ్చాక మీరూ దాన్ని మెరిపించకండి. మనవాళ్లకు ఇత్తడి కనిపిస్తే చింతపండుతో తోమే అలవాటు. ఆ చెయ్యి ఇక్కడ పనికిరాదు. మెత్తటి నూలు గుడ్డ, పల్చగా నూనె, ఆపైన కొంచెం రెనైసాన్స్ వ్యాక్స్. ఇది బ్రిటిష్ మ్యూజియంలో వస్తువులను కాపాడటానికి తయారుచేసిన మైనం. తోలు హోల్‌స్టర్‌లో మాత్రం దాచకండి. తోలు తేమను పట్టి ఉంచుతుంది, ఇనుము గుంటలు పడుతుంది, ఇత్తడి పచ్చగా చిలుము పడుతుంది. పాత హోల్‌స్టర్ కూడా దొరికితే పక్కన విడిగా పెట్టుకోండి.

ఎక్కడ వెతకాలన్నారు. గన్ షోల్లో తుల్సాలో జరిగేది పెద్దది, ఏటా రెండుసార్లు. మొదటిసారి డబ్బు తీసుకెళ్లకుండా వెళ్లండి. రోజంతా తిరిగి చేతిలోకి తీసుకుని చూసే అవకాశం ఇంకెక్కడా రాదు, అడిగి ముట్టుకుంటే ఎవరూ కాదనరు. టెక్సాస్ గన్ కలెక్టర్స్ అసోసియేషన్ సమావేశాల్లో అమ్మకం కన్నా మాటలు ఎక్కువ, నాకు నేర్పిన పెద్దాయన పరిచయమైంది అలాంటి చోటే. వేలం సంస్థల్లో రాక్ ఐలాండ్ ఇప్పుడు బెడ్‌ఫర్డ్‌లో కూడా ఉంది, మీకు దగ్గర. వేలానికి ముందు వస్తువులు ప్రదర్శనకు పెడతారు, వెళ్లి చూడండి. అక్కడ కొంటే సుత్తి పడిన ధర మీద బయ్యర్స్ ప్రీమియం అనే కమీషన్ అదనం, ఆ శాతం ముందే కనుక్కుని పాడండి. నా దగ్గరున్న మంచివాటిలో సగం మాత్రం చనిపోయిన కలెక్టర్ల ఇళ్ల నుంచి వచ్చాయి. వాళ్ల భార్యలకు ఆ వస్తువుల విలువ తెలియకపోవచ్చు. అప్పుడు సరైన ధర మీరే చెప్పి ఇవ్వండి. నేను అలాగే ఇచ్చాను, తర్వాత వాళ్లే పక్కింటివాళ్లను నా దగ్గరికి పంపారు.

దేనితో మొదలుపెట్టాలంటే, నేవీతో కాదంటాను. కోల్ట్ పేరున్న ప్రతిదానికీ ధర ఎక్కువ, నకళ్లూ ఎక్కువే. వాకర్ కోల్ట్ చూడండి. 1847లో టెక్సాస్ రేంజర్ శామ్యూల్ వాకర్ సలహాతో చేసినవి సుమారు 1,100. వాటిలో పెట్టెతో సహా నిలిచిన ఒకటి 2018లో 18.4 లక్షల డాలర్లకు పోయింది. పేరుమోసిన బందిపోటు బిల్లీ ద కిడ్‌ని చంపిన షెరీఫ్ పాట్ గారెట్ రివాల్వర్ 2021లో బాన్హమ్స్ వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. ఆ ధరలున్న చోట దొంగ ముద్రలు పుట్టకుండా ఉండవు.

స్మిత్ అండ్ వెసన్ మోడల్ నంబర్ 2 ఓల్డ్ ఆర్మీ చూడండి. 1861 నుంచి 1874 దాకా 77,000 పైచిలుకు చేశారు. అమెరికా అంతర్యుద్ధంలో చాలామంది ఆఫీసర్లు సొంత డబ్బుతో కొనుక్కుని వెంట పెట్టుకున్నది. నకలు చేయడం దండగ కాబట్టి మోసం తక్కువ, ధర కోల్ట్ పక్కన చాలా తక్కువ. దాని వెనక కథ కూడా గట్టిది. రోలిన్ వైట్ అనే ఆయనకు 1855లో సిలిండర్‌ను ఆ చివర నుంచి ఈ చివరకు తొలిచి తూటాను వెనక నుంచి పెట్టే పద్ధతికి పేటెంట్ వచ్చింది. స్మిత్ అండ్ వెసన్ తుపాకీకి 25 సెంట్ల చొప్పున ఇచ్చి ఆ హక్కు తీసుకుంది. ఒప్పందం ప్రకారం కేసులన్నీ వైటే పోరాడాలి, వచ్చిన డబ్బులో చాలా భాగం వాటికే పోయింది. 1869లో పేటెంట్ గడువు తీరేదాకా కోల్ట్, రెమింగ్టన్ దాదాపుగా ముందు నుంచి మందు కూరే పద్ధతిలోనే ఉండిపోయాయి. మీరు చూసిన నేవీ 1873 దాకా ఎందుకు తయారైందో, పేటెంట్ తీరాక వేలాది నేవీలను తూటాలకు ఎందుకు మార్చారో ఈ చిన్న తుపాకీ పక్కన పెడితే అర్థమవుతుంది. ఒక వస్తువు మరోదాన్ని అలా వివరిస్తుంటే ఇక ఈ పనిలో ఆగలేం.

దానికి తోడు ఒక రెమింగ్టన్ న్యూ మోడల్ ఆర్మీ. సిలిండర్ పైన ఇనుప పట్టీ ఉంటుంది, కోల్ట్‌లో అది ఉండదు. రెండూ చేతిలో పెట్టుకుంటే ఏది గట్టిదో చెప్పక్కర్లేదు.

కంపెనీ రికార్డుల నుంచి మన తుపాకీ వివరాలతో ఉత్తరం తెప్పించుకునే పద్ధతి ఉంది, కోల్ట్ ఆర్కైవ్స్, స్మిత్ అండ్ వెసన్ హిస్టారికల్ ఫౌండేషన్ రెండూ ఇస్తాయి. తూటా రివాల్వర్లకు అది బాగా పనికొస్తుంది. నేవీ కాలపు వాటికి మాత్రం దాని మీద ఆశ పెట్టుకోకండి. 1864 ఫిబ్రవరిలో కోల్ట్ హార్ట్‌ఫర్డ్ ఫ్యాక్టరీ తగలబడింది, రికార్డులు చాలా పోయాయి.

శనివారం వెళ్లినప్పుడు నాకు నాలుగు ఫోటోలు కావాలి. వెడ్జ్ తీశాక బ్యారెల్ అడుగున నంబరు, సిలిండర్ మీద నంబరు, ఫ్రేమ్ ఎడమవైపు ‘కోల్ట్స్ పేటెంట్’ అన్న అక్షరాలు దగ్గరగా, ఏదో ఒక స్క్రూ రంధ్రం అంచు. ఫ్లాష్ వాడకండి, కిటికీ పక్కన పెట్టి వెలుతురు పక్క నుంచి పడేలా తీయండి, గీకినవి అప్పుడే కనిపిస్తాయి. నేను చూసి చెప్పేదాకా అడ్వాన్స్ ఇవ్వకండి. ఈలోగా నాన్నగారికి ఫోన్ మాత్రం ఈ రాత్రే చేయండి.